దర్జీ అవ్వ సినిమా

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నా కొడుకు ఊపిరి ఆగిపోతుందేమోనని. పుట్టిన నెలలోనే వాడు డొక్కలు ఎగరేస్తూ పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు మూడేళ్లు. నిద్రపోతున్న వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం నాకు అప్పటి అలవాటు. కరోనా రెండోసారి సూరత్ మీద పడ్డ ఆ ఏప్రిల్ నెలలో రోజుకు ఎన్నిసార్లు అలా చూసేదాన్నో నాకే తెలియదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా పక్క గది సోమలింగం మామ విషయంలో నేను చేసిందీ, చేయనిదీ ఈ భయం వల్లనే.

ఆ రోజు పొద్దున ఆరుంబావుకు ఆయన గ్యాలరీ చివర నల్లా కింద తువ్వాల తడుపుతున్నాడు. తడిపి, పిండకుండానే నుదుటికి అద్దుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నీళ్లు ముక్కు మీదుగా కారి బనియను తడిసింది. మళ్లీ తడిపాడు, మళ్లీ అద్దుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సన్నటి ఒళ్లు. ముప్ఫై రెండేళ్లుగా సాంచాల మీదికి, అంటే మరమగ్గాల మీదికి, వంగి వంగి ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. ఎంత కడిగినా కనుబొమ్మల్లో తెల్లటి నూలు నూగు పోదు. చేతివేళ్లు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు పొడుగ్గా, నున్నగా ఉంటాయి. పోగులు అతికీ అతికీ కుడి చూపుడు వేలి కొన మీద గీత పడింది.

నేను బిందె పట్టుకుని తలుపు దగ్గరే ఆగాను. నల్లా దగ్గర ఒకరుంటే మిగతావాళ్లు ఆగాలన్నది ఆ నెలలో మా వరుస గదుల చాల్‌లో అందరం పెట్టుకున్న పద్ధతి. ఎండలకు తల మండుతోందేమో అనుకున్నాను. ఆయన నన్ను చూసి కుడి అరచేతిని గాలిలో అటూ ఇటూ ఆడించాడు. అది కార్ఖానా సైగ. దారం మోసే నాడె పడుగులో అటూ ఇటూ పరుగెత్తుతున్నట్టు. సాంచా నడుస్తోంది, అంతా బాగుంది అని దానర్థం. పదమూడేళ్లప్పుడు బడి మానిపించి నన్నూ కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు కాబట్టి ఆ సైగలు నాకూ వచ్చు. నేనూ చెయ్యి ఆడించాను. ఆయన పక్కకు పోయాక నల్లాను సబ్బుతో కడిగి నీళ్లు పట్టుకున్నాను.

ఆ తడి తువ్వాల ఎండ కోసం కాదని సాయంత్రం దాకా నాకు తెలియలేదు. రెండు రోజులుగా ఆయనకు జ్వరం. కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్ ప్రతివాడి నుదుటికీ పిస్తోలు లాంటి మిషను పెట్టి చూసి లోపలికి పంపిస్తాడు. సోమలింగం ఎప్పుడో మాకు చెప్పిన సినిమాల్లో ఒకటుంది. హాంకాంగ్‌దట. ఓడరేవులో జ్వరం ఉన్నవాళ్లందరినీ ఆపేస్తుంటే, చేపల పెట్టెలోని మంచుగడ్డ నుదుటికి రుద్దుకుని పోలీసుల ముందు నుంచే దాటిపోతాడు ఒక దొంగ. ముప్ఫై ఏళ్లు దొంగల్ని తెర మీద చూసిన మనిషి తన బతుకులో చేసిన దొంగతనం అదొక్కటే. జ్వరాన్ని దాచుకుని లోపలికి తీసుకుపోయాడు.

ఎందుకు దాచాడంటే, ఆయనకు చెవులు వినపడవు. జ్వరమని తెలిస్తే ఆసుపత్రికి పంపిస్తారు. ఆసుపత్రిలో ఎవరి పెదవులూ కనపడవు.

చెవులు పుట్టుకతో పోయినవి కావు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చేటప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడేదట. సాంచాల మోతలో పదేళ్లకు ఒక చెవి, పదిహేనేళ్లకు రెండో చెవి పోయాయి. పోయినట్టు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అప్పటికే ఆయన పెదవులను చదవడం నేర్చుకున్నాడు. తెలుగు, హిందీ, గుజరాతీ మూడింటినీ మూతి కదలికతోనే పట్టేవాడు. నేను మా గదికి కొత్తగా వచ్చినప్పుడు ఏడాదిపాటు ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. చెవుడు ఉన్నట్టు నాకు అనిపించనే లేదు. లాక్‌డౌన్ వచ్చి అందరం మూతులకు గుడ్డలు కట్టుకున్న రోజు, నేను ఏదో అడిగితే ఆయన నా కళ్లలోకి బిక్కమొహం వేసుకుని చూశాడు. అప్పుడు అర్థమైంది ఇన్నాళ్లూ ఆ మనిషి ఎంత పెద్ద పని చేస్తున్నాడో.

ఆ రోజు ఆయన రెండు మాస్కులు, ఒకదాని మీద ఒకటి, బిగించుకుని మెట్లు దిగాడు. పాండేసర దారిలో రంగుల మిల్లుల జనం సైకిళ్ల మీద పోతున్నారు. పక్క మోరీలో ఆ రోజు నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆయన జనానికి దూరంగా రోడ్డు అంచున నడిచాడు. నేను వెంట లేను. ఇక్కడి నుంచి సాయంత్రం దాకా నాకు తెలిసినదంతా ఆయనతో పనిచేసే పరమేశ్వర్ అన్న మా గ్యాలరీలో దూరంగా నిలబడి చెప్పినదే.

గేటు దగ్గర వాచ్‌మన్ మిషను ఎత్తగానే వెనకాల ఉన్న తోటి పనివాడు రాజలింగం రెండు చేతులూ పైకెత్తి, "మారో మత్ సాబ్, మాల్ మొత్తం సోమన్న దగ్గర్నే ఉన్నది!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో సోమలింగం చల్లటి నుదురు మిషను ముందు పెట్టి లోపలికి నడిచాడు.

లోపల నలభై ఎనిమిది సాంచాలు. ఎనిమిది మంది మనుషులు. ఒక్కొక్కరికి ఆరు సాంచాలు. అన్నీ ఒకేసారి నడుస్తుంటే ఆ మోత చెవికి వినిపించదు, పళ్లకు తెలుస్తుంది. అక్కడ నోటితో మాట్లాడినవాడు లేడు. పోగు తెగితే రెండు చూపుడు వేళ్లు కొక్కెంలా తగిలించి విడదీస్తారు. సేఠ్ వస్తుంటే పొట్ట నిమురుకుంటారు. ఆడమనిషి అంటే ముక్కుపుడక దగ్గర వేలు. పోలీసు అంటే భుజం మీద రెండు వేళ్లు. ఇవన్నీ ఏ కార్ఖానాలోనైనా ఉన్నవే. కానీ ఆ సైగలతో సినిమా చెప్పినవాడు మాత్రం ఒక్కడే.

సోమలింగం సినిమాలు చూసింది ఉధ్నా వైపు ఒక రేకుల వీడియో పార్లర్‌లో, తొంభైలలో. నడిపేవాడికి ముంబై ఓడరేవు నుంచి క్యాసెట్లు వచ్చేవి. ఏ దేశానివో వాడికీ తెలియదు. చూసేవాళ్లకు మాటలు అర్థంకాక తిట్టుకుని లేచిపోయేవారు. సోమలింగం కదిలేవాడు కాదు. చెవులు మూసుకుపోతున్న మనిషికి జపాను మాటైనా, ఇటలీ మాటైనా, పక్క గదివాడి మాటైనా ఒకటే. బొమ్మలో అందరూ ఆయనకు అర్థమయ్యే భాషే మాట్లాడేవారు. ఎవడి చెయ్యి జేబులోకి పోతోంది, ఎవడి కన్ను తలుపు మీద ఉంది, ఎవడు నవ్వుతూ మెడ గోక్కుంటున్నాడు. నేరం చేసినవాడి చేతులు ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటాయని ఆయన అనేవాడు.

తర్వాత సీడీలు వచ్చాయి. కొరియా సినిమా ఒకటి, స్నానాల ఇంట్లో వీపులు రుద్దే ముసలివాడు తన కూతుర్ని చంపినవాణ్ని వీపు మీది మచ్చతో గుర్తుపట్టేది. జపాను నలుపు తెలుపు సినిమా ఒకటి, మంచులో రైలు పట్టాలు ఊడ్చేవాడి కథ. వీటన్నిటికీ ముందు, చిన్నప్పుడు ఊరి పక్క టూరింగు టాకీసులో చూసిన పాత తెలుగు సినిమా ఒకటుంది. గుహలో ఎర్ర బల్బులు, మారువేషంలో డిటెక్టివు. అదొక్కటే ఆయన రెండు చెవులతో సరిగ్గా విన్నది. "నాకున్నది ఒక్కటే తుపాకి సప్పుడు బిడ్డా," అని ఒకసారి నాతో అన్నాడు. "గా తెలుగు సినిమాలది. ఏ దేశపోడు తుపాకి పేల్చినా నాకు గదే వినవడ్తది."  ఒక్క చప్పుడుతో ముప్ఫై ఏళ్ల సినిమాలు నడిపించుకున్నాడు మనిషి.

ఆ ఏప్రిల్‌లో ఆయన చెప్తున్నది దర్జీ అవ్వ సినిమా. అరవైలలో తీసినదట, ఏదో చలి దేశం. ఒక పెద్దామె, మొగుడు లేడు, కోట్లు కుట్టి బతుకుతుంది. ఆమె ఇంట్లో కిరాయికి ఉన్నవాడు, ఇంకో ఇద్దరితో కలిసి నగల కొట్టు దోస్తాడు. ఆ ఇద్దరూ వాణ్ని చంపేస్తారు. వాడు దాచిన రాళ్లు అవ్వకు దొరుకుతాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే గిరాకీల కోట్ల లోపలి అస్తరులో కుట్టేసి పంపిస్తుంది. ఊరంతా ఆ రాళ్లు తొడుక్కుని తిరుగుతూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. చివరికి ఆ దొంగతనం వెతుకుతున్న పోలీసు తన కోటు చిరిగిందని ఆమె దగ్గరికే తెస్తాడు.

ఎదురు వరుస సాంచాలు రఘుపతివి. యాభై ఏళ్లవాడు, అతనికీ చెవులు పోయాయి, వెనకా ముందూ ఎవరూ లేరు, కార్ఖానా పైన కండెల గూటిలోనే పడుకునేవాడు. సోమలింగం చేతులు నేరుగా కనిపించేది అతనికి ఒక్కడికే. అతను చూసి తన వెనక వరుసకు చెప్పేవాడు, వాళ్లు ఆ వెనకకు. సినిమా అలా వరుసలు దాటుకుంటూ నాలుగైదు నిమిషాలు ఆలస్యంగా ఆ చివరికి చేరేది. చేరేసరికి కొంచెం మారేది కూడా. ఒకప్పుడు సోమలింగం పెదవులతో కూడా చెప్పేవాడు. మాస్కుల తర్వాత అన్నీ చేతులకే వచ్చాయి. అప్పటి నుంచే చూడాలి సంతోషీ, అన్నాడు పరమేశ్వర్ అన్న, సూది బెజ్జంలోకి దారం ఎక్కించేటప్పుడు అవ్వ ఒక కన్ను మూస్తుంది కదా, ఆ కన్ను కూడా మాకు వేళ్లలో కనపడేది.

పదిన్నరకు చాయ్. గేటు బయట గోడ నీడలో నిలబడి అందరూ మాస్కులు గడ్డం కిందికి లాగారు. రోజు మొత్తంలో సోమలింగం మనుషుల మాట వినేది ఆ పది నిమిషాలే. ఆ రోజు ఆయన అందరికీ దూరంగా, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ మీద కూర్చున్నాడు. మాస్కు తీయలేదు. చాయ్ పక్కన పెట్టుకున్నాడు.

రాజలింగం అక్కడి నుంచే మూతి పెద్దగా తెరిచి అడిగాడు. "ఏంది సోమన్నా, దర్జీ అవ్వ పోలీసాయన పెండ్లాం ఎప్పుడయింది?"

"పెండ్లామా? ఎవడు చెప్పిండ్రా?"

"మీ రఘుపతే. ముక్కు మీద వేలు వెట్టిండు, భుజం మీద కొట్టిండు, రెండు చేతులు కలిపిండు."

"కోటు కుట్టుడు రా అది, లగ్గం కాదు!" అన్నాడు పరమేశ్వర్. "ఆఖరి సాంచాల మీద నిన్ను వెట్టినందుకు సినిమాను ఖరాబు చేస్తున్నవ్."

రఘుపతి నవ్వులు చూసి విషయం ఏమిటో తెలియక తనూ నవ్వాడు. సోమలింగం కళ్లు కూడా నవ్వాయి. తర్వాత ఆయన పరమేశ్వర్ వైపు తిరిగాడు. పరమేశ్వర్ మార్చిలో కరోనా వార్డులో పది రోజులు ఉండి వచ్చినవాడు.

"పరమేశా, ఆడ ఎట్లుంటది?"

"ఏడన్నా? దవఖానలనా? ఏముంటది, అందరు తెల్ల సంచులల్ల ఉన్నట్టుంటరు. నెత్తి నుంచి కాళ్ల దాంక."

"మూతులు కనవడయా?"

"మూతులా! కండ్లు గూడ అద్దాల ఎనక ఉంటయ్. ఎవడు డాక్టరో, ఎవడు ఊడ్సెటోడో తెల్వది. ఎందుకు?"

"ఊకనే అడిగిన," అన్నాడు సోమలింగం. చాయ్ తాగకుండానే లోపలికి పోయాడు. ఊకనే కాదని పరమేశ్వర్ అన్నకు ఇప్పుడు తెలుసు. అప్పుడు అతనికి రాజలింగం చెప్పుకొచ్చిన లగ్గమే గుర్తుండి ఇంకా నవ్వొస్తోంది.

చాయ్ తర్వాత బీరువా సీను వచ్చింది. చంపిన దొంగల్లో ఒకడు రాళ్ల కోసం అవ్వ ఇంటికి వస్తాడు. అదే సమయానికి పోలీసు తలుపు కొడతాడు. దొంగ గబుక్కున కోట్లు వేలాడే బీరువాలోకి దూరతాడు. అవ్వ బీరువాకు తాళం వేసి, తాళంచెవి జాకెట్టులో వేసుకుని, పోలీసును కూర్చోబెట్టి కొలతలు తీసుకుంటుంది. కాఫీ పెడుతుంది. మొగుడి సంగతులు చెప్తుంది. లోపల ఉన్నవాడు అరవలేడు, అరిస్తే దొరికిపోతాడు. అరవకపోతే గాలి లేదు.

సోమలింగం రెండు చేతులతో బీరువా మూశాడు. కొలత టేపు లాగాడు. కాఫీ పోశాడు. అవ్వ నవ్వింది. తర్వాత ఆయన బీరువా లోపలి మనిషి అయ్యాడు. అరచేతులు రెండూ గాలిని తోశాయి. ఛాతీ ఎగిరింది. మెడ నరాలు తేలాయి. ఆయన మెల్లగా సాంచా కాలికి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు, మాస్కు లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది, కళ్లు పెద్దగా తెరుచుకున్నాయి.

రఘుపతి వెనక వరుసకు చెప్పడం మరిచిపోయాడు. అతను చెప్పకపోయేసరికి వెనకవాళ్లు సాంచాలు వదిలి ముందుకు వచ్చారు. రాజలింగం కూడా వచ్చాడు. మాస్కులు వచ్చాక మొదటిసారి అందరూ ఒక చోట నిలబడి చూశారు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదట. మనిషి బీరువాలో చచ్చిపోతుంటే మాకు సాంచాల సంగతే గుర్తులేదు సంతోషీ, అన్నాడు పరమేశ్వర్ అన్న. ఎవడో చప్పట్లు కొట్టాడు. మోతలో వినపడదు కదా, చేతులు పైకెత్తి మరీ కొట్టాడు, మిగతావాళ్లూ కొట్టారు.

సోమలింగం వాళ్లందరినీ చూశాడు. అప్పుడు ఆయన ఒక్క సైగ చేస్తే చాలు. పోగు తెగింది అని రెండు వేళ్లు విడదీస్తే చాలు. ఆయన మాత్రం ఒక చేత్తో సాంచా పట్టుకుని లేచాడు. నిలదొక్కుకుని, ముక్కుపుడక దగ్గర వేలు పెట్టి, కాఫీ గ్లాసు కడిగినట్టు చేశాడు. పోలీసు వెళ్లిపోయాడు, అవ్వ గ్లాసులు కడుగుతోంది అని. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. రఘుపతి భుజం మీద రెండు వేళ్లు కొట్టి, కళ్లెగరేసి అడిగాడు. ఆమె దొరుకుతుందా? సోమలింగం రేపు అన్నట్టు చెయ్యి వెనక్కి విసిరి, తెగిన పోగు వెతుక్కుంటూ వంగాడు.

ఇది విన్నప్పుడు నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. జ్వరంతో ఏడుగురి మధ్యకు పోయాడు. కానీ ఆ సాంచా పక్కన, ఊపిరి అందని మనిషి, తన ఊపిరి అందకపోవడాన్నే ఎత్తి కథలో పెట్టి దాచేశాడు. ఎంత ఆలోచించినా అది నా బుర్రకు అందదు.

సాయంత్రం అయిదున్నరకు ఆయన మెట్లెక్కి వచ్చాడు. ప్రతి మెట్టు మీదా ఆగాడట, నేను చూడలేదు. గ్యాలరీ ఆ చివర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మావాడు కిటికీ ఊచలు పట్టుకుని, "దాదా, పిక్చర్!" అని అరిచాడు. రోజూ వాడికి ఆయన వేళ్లతో దొంగా పోలీసూ ఆడి చూపిస్తాడు. ఆ రోజు ఆయన చెయ్యి మాత్రం ఊపాడు.

ఆరింటికి నా ఫోన్‌లో చిన్నవ్వత్త వీడియో కాల్. ఆమె సోమలింగం భార్య, ఊళ్లో బీడీలు చుడుతుంది. వారానికి రెండుసార్లు ఆ బొమ్మలో ఆమె పెదవులు చూసి ఆయన మాట్లాడతాడు. నేను ఎప్పటిలాగే ఫోన్ స్టూలు మీద నిలబెట్టి, ఆయన వైపు తోసి, ఆరడుగులు వెనక్కి వచ్చి మా గడపలో నిలబడ్డాను. నేనూ అడిగాను, మాస్కు వెనక నుంచే, "బాగున్నవా మామా?" అని. ఆయన అరచెయ్యి అటూ ఇటూ ఆడించాడు. పొద్దున ఆడించినట్టే. నాకు అది చాలింది. చాలిందని అనుకోవడం నాకు సులువు.

చిన్నవ్వత్త గొంతు ఫోన్‌లోంచి వచ్చింది. "తిన్నవా?"

చెయ్యి ఆడింది.

"జరమేమన్న ఉన్నదా? మొకం గట్లున్నదేంది?"

చెయ్యి ఆడింది.

 ఆమె చూస్తున్నది ఆయన మొహం కాదని అప్పటికి నాకు తెలియదు. తర్వాత గొంతు మారింది, నన్ను పిలిచింది. "బిడ్డా సంతోషీ, ఉన్నవా? జర ఆయన చెయ్యి చూడు."

"చూస్తున్న అత్తా. బాగనే ఉన్ననంటున్నడు."

"అననీ. చెయ్యి నడుస్తుందంటున్నది గని గోర్లు జూడు. నీలం వడ్డయి. నలభై ఏండ్ల నుంచి ఆ చేతులు జూస్తున్న నేను. నీలం రంగు ఆయన చేతులకు ఎన్నడు లేదు. అండ్ల ఊపిరి లేదే బిడ్డా!"

తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల, అరచేతి అంత బొమ్మలో ఆమె చూసింది. ఆరడుగుల దూరంలో నేను చూడలేదు. గేటు దగ్గర మిషను చూడలేదు. ఏడుగురు మగవాళ్లు చప్పట్లు కొట్టారు. అన్ని దేశాల పోలీసుల్ని చూసిన ఆ మనిషి, బీడీలు చుట్టే ఆమెకు దొరికిపోయాడు. తల దించుకుని తన గోళ్లు తనే చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

మా ఆయన సురేశ్ మిల్లు నుంచి అప్పుడే వచ్చాడు. 108కి అతనే ఫోన్ చేశాడు. ఏడున్నరకు బండి వచ్చింది. తెల్ల సూట్లలో ఇద్దరు మెట్ల దగ్గర ఆగి, "చలో కాకా, చాలీ శకో?" నడవగలవా అని అడిగారు. ఆయన వాళ్ల మొహాలకేసి చూశాడు. అద్దం, దాని కింద గుడ్డ. వాళ్లు మళ్లీ అడిగారు. ఆయన మళ్లీ చూశాడు. వాళ్లు చంకల కింద చేతులు వేసి లేపారు.

మా గడప దాటేటప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. ఏమీ అడగలేదు, నా మాస్కు మీద చూపు నిలిపాడు. లోపల మంచం మీద నా కొడుకు ఉన్నాడు.  ఒక్క సంగతి అప్పుడు తట్టింది. ఆ మనిషికి నా గొంతు అక్కర్లేదు. నేను గట్టిగా గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి, మాస్కు కిందికి లాగాను. చప్పుడు లేకుండా పెదవులు కదిపాను.

"అత్తకు రోజు నేను చెప్త. రోజు చెప్త మామా. నువ్వు భయపడకు."

ఆయన చదివాడు. మొదటి నుంచి చివరి దాకా చదివి, తల ఊపాడు. ఇద్దరిలో ఒకడి చేతిలోంచి కుడి చెయ్యి విడిపించుకున్నాడు. ముక్కుపుడక దగ్గర వేలు. కోటు కాలరు. భుజం మీద రెండు వేళ్లు. చేతి వేళ్లు రెండు ముందుకు నడిచి, రైలెక్కి, దూరంగా పోయాయి. తర్వాత సూది, దారం, ఒక కన్ను మూయడం. ఆఖరున కార్ఖానాలో నిలబడ్డట్టే ఎదురుగా, రఘుపతి వరుస ఉండే వైపు వేలు చూపాడు. నాకు అంతా తెలిసింది. అవ్వ దొరకదు. రాయి కుట్టిన కోటు తొడుక్కుని పోలీసే రైలెక్కి వెళ్లిపోతాడు. ఆమె మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుంటుంది. ఇది రఘుపతికి చెప్పు.

"మగజ్ పర్ చఢ్ గయా హై బుఖార్," అన్నాడు సూటులోవాడు జాలిగా, జ్వరం తలకెక్కిందని. ఆయన్ని కిందికి దించారు. నేను మాస్కు పైకి లాక్కుని, అప్పుడు ఊపిరి వదిలాను.

తొమ్మిది రోజులకు ఆయన పోయాడు. రోజూ పొద్దున సురేశ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కనుక్కునేవాడు, నేను మాస్కు తీసి చిన్నవ్వత్తకు చెప్పేదాన్ని. పదో రోజు పొద్దున ఆ కబురూ నేనే చెప్పాను. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. కార్ఖానాలో ఇద్దరికి జ్వరం వచ్చి తగ్గింది.

ఆయన్ని తీసుకెళ్లిన మరుసటి రోజే కార్ఖానాకు సీలు వేశారు. మూడు వారాల తర్వాత తెరిచినప్పుడు సోమలింగం ఆరు సాంచాల మీద బట్ట ఆయన వదిలిన చోటే ఆగి ఉందట. సాంచా ఎక్కువ రోజులు ఆగితే, మళ్లీ నడిపినప్పుడు బట్టలో అడ్డంగా సన్నటి గీత పడుతుంది. ఆ ముక్క అమ్మకానికి పనికిరాదని కత్తిరించి పారేస్తారు. పరమేశ్వర్ అన్న ఒకటి తెచ్చి నాకిచ్చాడు. జానెడు గులాబీ రంగు గుడ్డ. వెలుతురుకు పెడితే గీత కనపడుతుంది, వేలితో తడిమితే తెలియదు.

రఘుపతి మాత్రం సీలు పడిన రోజే చద్దరు మూట కట్టుకుని సూరత్ అవతలి సచిన్ పేట వైపు పని వెతుక్కుంటూ పోయాడని చెప్పారు. ఫోన్ ఉన్నా వినలేడు, చదవను రాదు. సోమలింగం పోయినట్టు అతనికి తెలుసో లేదో తెలియదు. అవ్వ దొరకదని చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. సచిన్‌లో సాంచాల దగ్గర ఎవరైనా ఉంటే, కాస్త చూడండి. బొద్దుగా, బట్టతలగా ఉంటాడు, అందరూ నవ్వాక నవ్వుతాడు. తలుపు కొడితే తీయడు, వెనక నుంచి పిలిస్తే తిరగడు. ఎదురుగా వెళ్లి, దూరంగా నిలబడి, మాస్కు దించి అడగండి. బాగున్నానని చెయ్యి ఆడిస్తే నమ్మి వచ్చేయకండి. గోళ్లు చూడండి. చూసి, ఎట్లా ఉన్నాడో నాకు చెప్పండి.